సుబ్బులుకి బుద్ధి మారింది

మా సుబ్బులుకి బుద్ధి మారిందన్న మాట మొదట అమ్మ నోటే వచ్చింది. దండెం మీంచి కర్రతో దించి పీట మీద పెట్టుకున్న మడిచీర, ఆవిడ స్నానం చేసి వచ్చేసరికి తడిసి ఉంది. పదహారేళ్లలో ఒక్కనాడూ ఇసుక బేసిను తప్పి ఎరగని పిల్లి! "ముసలితనంలో దీనికి పొగరెక్కిందే" అంది అమ్మ. బ్యాంకుకి వేళవుతున్న హడావిడిలో నేనూ అవునన్నాను. ఆ తర్వాత ఆర్నెల్లు ఇద్దరం ఆ మాటే పట్టుకుని ఊరేగాం.

సుబ్బులు మా ఇంటికొచ్చింది 2008 చలికాలంలో, సుబ్బరాయుడి షష్ఠి నాడు. పేరు అలా స్థిరపడింది. విజయవాడ సత్యనారాయణపురంలో అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుపోయిన పాత పెంకుటిల్లు మాది. అటక మీద ఈనిన ఊరపిల్లి ఒకటి, కూనల్ని ఒక్కొక్కటే మెడ పట్టుకుని ఎటో మార్చేసింది. చివరి దాని కోసం మాత్రం తిరిగి రాలేదు. నాన్న అప్పటికి ఉన్నారు. ఏం జరిగినా దానికో న్యాయం చెప్పందే ఆయనకి తోచేది కాదు. కోతిపిల్ల తల్లి పొట్టని తానే గట్టిగా పట్టుకోవాలిట, అది మర్కట కిశోర న్యాయం. పిల్లికూనకి ఆ శ్రమ కూడా లేదు, తల్లే నోట కరుచుకుని మోసుకుపోతుంది, అది మార్జాల కిశోర న్యాయం. భగవంతుడి దగ్గర జీవుడు ఏ పిల్లలా ఉండాలన్న దాని మీద వడగలై వారికీ తెంగలై వారికీ ఎంత వాదన జరిగిందో చెప్పి, అటక మీద కీచుమంటున్న కూన వంక చూసి, "దీని విషయంలో స్వామి ఆఖరి ట్రిప్పు ఎగ్గొట్టాడు" అన్నారు. నిచ్చెన వేసి దాన్ని దించింది కూడా ఆయనే.

మా ఇంట్లో దాని భోజనం పెరుగన్నం. దానితోనే పిల్లి బతికేస్తుందని మా గట్టి నమ్మకం. నిజానికి బతకదు. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి ఒళ్లు తనకి చాలినంత తయారుచేసుకోలేదు, అది మాంసంలోంచో చేపలోంచో రావాలి. లేకపోతే కంటి లోపలి పొరా గుండె కండరమూ చెడతాయి. మా సుబ్బులు కళ్లు అన్నేళ్లు దివిటీల్లా ఉన్నాయంటే ఆ పుణ్యం పక్కింటి పిన్నిగారి బొచ్చె తలకాయలది. మేం పెట్టింది ఫలహారం, వాళ్లు పెట్టింది భోజనం. ఆవిడ పిట్టగోడ మీద గిన్నె చప్పుడు చేస్తే చాలు, సుబ్బులు మమ్మల్ని ఎరగనట్టు వెళ్లిపోయేది. వచ్చాక మూతి తుడుచుకునే వరకు అమ్మ దాన్ని గడప దాటనిచ్చేది కాదు.

ఇక ఆ ఆర్నెల్ల సంగతి. తులసికోట దగ్గర చెంబు, బాత్రూములో బకెట్టు, కాఫీగ్లాసులు నానేసిన తొట్టి, ఎక్కడ నీళ్లుంటే అక్కడ సుబ్బులు తల వంచుకుని కనబడేది. పిల్లుల పూర్వీకులు ఎడారి అంచుల్లో తిరిగిన అడవిపిల్లులు. దాహం తక్కువ, ఉన్న నీటిని పొదుపుగా వాడుకుని చిక్కటి మూత్రం పోసే జాతి. అలాంటిది గటగటా తాగుతోందంటే ఎక్కడో తూము తెగినట్టు. ఆ తాగుడు కనిపెట్టింది కూడా అమ్మే. "నాలాగే తాగుతోంది, నాలాగే పోస్తోంది. దీనికి షుగరు గానీ రాలేదు కదా" అంది. నేను నవ్వాను. చక్కెర వ్యాధి పిల్లులకీ వస్తుందని తర్వాత తెలిసింది. ఆవిడ తప్పింది జబ్బు పేరు ఒక్కటే.

పళ్లెం దగ్గరికి వచ్చి, వాసన చూసి, పెదాలు నాక్కుని మొహం తిప్పుకునేది. రోగం ముదిరితే పుట్టే వికారం అది. మేం దాన్ని జిహ్వచాపల్యం అనుకున్నాం. నడుం దగ్గర చెయ్యి వేస్తే గుర్రుమనేది. రోజుకి నాలుగు గంటలు నాలుకతో ఒళ్లు దువ్వుకునే షోకిల్లా, వీపు మీద బొచ్చు జడలు కట్టినా పట్టించుకోలేదు. ఒళ్లో పడుకునేది గ్యాసు సిలిండరు వెనక పడుకోవడం మొదలెట్టింది. వీటిలో ఏ ఒక్కటీ మాకు రోగంగా కనబడలేదు. ఒక్కోదానికి ఒక్కో తిట్టు తయారుగా ఉంది మా దగ్గర. పొగరు, బద్ధకం, అలక, చాదస్తం.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలుసు. రాయలవారు ఇంటింటికీ పిల్లినీ, దాని పాలకోసం ఆవునీ ఇప్పిస్తే, ఈయన మొదటిరోజే మరిగే పాలు ముందు పెట్టి దాని మూతి కాల్చాడు. ఆ తర్వాత పాలు చూస్తే చాలు అది పరుగే పరుగు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు నవ్వుకున్నామో ఆ కథకి! పాలు చూసి పారిపోయే వింత పిల్లి అని సభ అంతా ఆశ్చర్యపోతుందే గానీ, దాని మూతి తిప్పి చూసిన వాడు ఒక్కడూ లేడు. మా ఇల్లు కూడా ఆ సభ లాంటిదే అయింది.

రాత్రి మూడింటికి ఏడుపు మొదలయ్యేది. మ్యావు కాదు, గొంతు చించుకుని ఊళ. వసారా ఈ చివర్నుంచి ఆ చివరికి కాలుకాలిన పిల్లిలా తిరుగుతూ ఏడ్చేది. కాలుకాలిన పిల్లి అన్నమాట ఎంతమందిని ఎన్నిసార్లు అని ఉంటానో, ఒక పిల్లిని చూసి అనడం అదే మొదలు. పక్క వాటాలో ఉండే పెద్దాయన, పిల్లి ఏడుపు ఇంటికి అరిష్టం అన్నారు. ఒక రాత్రి నాకు ఒళ్లు మండి, దాన్ని పెరట్లోకి తోసి తలుపు గడియ పెట్టాను. కాసేపు తలుపు గీకింది, తర్వాత మానేసింది. పొద్దున్న చూస్తే గడప పక్కనే, నేను వదిలిన చోటే, ఒక్క అడుగు కూడా కదలకుండా ముడుచుకుని ఉంది. మొండితనం అనుకున్నాను.

వారం తర్వాత రుబ్బురోలు కడగడానికి నాలుగడుగులు ఇవతలికి జరిపాను. సుబ్బులు వంటింట్లోంచి వస్తూ నేరుగా వెళ్లి దానికి ముక్కు కొట్టుకుంది. పిల్లి గుడ్డిదైతే ఎలుక ముడ్డి చూపిందని సామెత. మా ఇంట్లో ఎలుకకి కూడా మాకన్నా ముందే తెలిసి ఉంటుంది. ఎండలో పట్టుకుని చూస్తే, గీతలా ఉండాల్సిన కంటిపాపలు రెండూ నల్ల గుండీల్లా విప్పారి ఉన్నాయి. పెరట్లో ఆ రాత్రి అది ఎందుకు కదల్లేదో అప్పుడు అర్థమైంది. దాని సంగతి ఇంతకన్నా రాయలేను.

అన్నీ కుక్కలే ఉన్న ఆసుపత్రి వరండాలో, కూరగాయల సంచిలో సుబ్బులుని పెట్టుకుని అమ్మా నేనూ కూర్చున్నాం. కుర్ర డాక్టరు ముంగాలికి చిటికెన వేలంత పట్టీ చుట్టి బీపీ చూశాడు. 210. పిల్లికి 160 దాటితేనే ఎక్కువ, 180 దాటితే కళ్లకీ మెదడుకీ ముప్పు. ఆ ఒత్తిడికి కంటి వెనక పొర ఊడిపోయింది. నెత్తురు పరీక్షలో క్రియాటినిన్ 4.1. కిడ్నీ జబ్బుని నాలుగు దశలుగా చూస్తారు, ఇది మూడోది. కిడ్నీల పనిలో ముప్పాతిక వంతు పోయేదాకా ఆ అంకె సాధారణంగా పైకి లేవదట. పిల్లి అంతవరకు దాచుకుని నెగ్గుకొస్తుంది. వేటాడేదీ తానే, పెద్ద జంతువులకి ఎరయ్యేదీ తానే. అలాంటి జీవి నీరసం బయటపెట్టుకుంటే బతకలేదు. గుర్రుగుర్రుమంటూ హాయిగా ఉందనుకుంటాం, నొప్పిలోనూ అదే చప్పుడు చేస్తుందట. మడిచీర సంగతి అమ్మే మొహమాటపడుతూ అడిగింది. ముసలి కీళ్లకి బేసిను గోడ ఎక్కడం నొప్పి, మూత్రం ఆపుకోవడం చేతకాదు, మెత్తగా కాలి కింద తగిలింది మీ చీర, అన్నాడు డాక్టరు. అమ్మ ఇంటికొచ్చే వరకు మాట్లాడలేదు.

బీపీకి రాసిచ్చిన మందు ఆమ్లోడిపిన్. చీటీ నేను పైకి చదవగానే అమ్మ, "అది నా బిళ్ల కదే!" అంది. అదే. ఆవిడకి అయిదు మిల్లీగ్రాములు, సుబ్బులుకి రెండున్నర మిల్లీగ్రాముల బిళ్లలో పావు ముక్క. అప్పటి నుంచి ఇద్దరి మందులూ ఒకే హార్లిక్సు సీసాలో ఉంటున్నాయి. మనకి పడేవన్నీ వాటికీ పడతాయనుకోకూడదు సుమా! పక్క వాటా పెద్దాయన మంచి మనసుతోనే, ఒళ్లునొప్పులకి పారాసిటమాల్ చిన్న ముక్క వెయ్యమన్నారు. పిల్లి కాలేయానికి దాన్ని విరిచే శక్తి దాదాపు లేదు. ఆ ముక్కతో నెత్తురు గోధుమరంగుకి తిరిగి ఊపిరాడక పోతుంది. డాక్టరు ముందే చెప్పి పంపాడు కాబట్టి సరిపోయింది.

బిళ్ల మింగించడం వేరే పురాణం. వెన్నలో చుడితే వెన్న తిని బిళ్ల వదిలేది. చివరికి దవడ తెరిచి నాలుక వెనక పడేసి, గొంతులో అంటుకోకుండా సిరంజితో రెండు చుక్కల నీళ్లు పోయడం నేర్చుకున్నాను. నా చేతుల మీద గీతలు చూసి బ్యాంకులో అందరూ గులాబీలు పెంచుతున్నావా అన్నారు. బేసిను తీసేసి తాపీమేస్త్రి తట్ట ఒకటి కొన్నాం, అంచు తక్కువ. ఇసుక పోశాం. మొదటిరోజే వాడింది. నలభై రూపాయల కోసం ఆర్నెల్లు పొగరుబోతు అనిపించుకుంది పాపం.

రోజు విడిచి రోజు సెలైను. రింగర్ లాక్టేట్, వంద మిల్లీలీటర్లు, చర్మం కిందకి. సీసా వేలాడదీయడానికి వసారాలో ఉయ్యాలబల్ల కొక్కేలు పనికొచ్చాయి. నాన్న పోయాక బల్ల తీసేశాం, కొక్కేలు అలాగే ఉండిపోయాయి. సీసాని కాసేపు వేణ్నీళ్లలో పెట్టి, మెడ వెనక వదులు చర్మాన్ని గుడారంలా పైకి లాగి, సూది గుచ్చాలి. మొదటిసారి నా చెయ్యి వణికి సూది అవతల పక్కనుంచి బయటికొచ్చింది, నీళ్లన్నీ నా చీర మీదే. చర్మం అలా వేళ్లతో పట్టుకున్నప్పుడు మాత్రం సుబ్బులు కదలదు. మెత్తబడి నాలుగు కాళ్లూ ముడిచేస్తుంది. కూనగా ఉన్నప్పుడు తల్లి పట్టిన చోటు అది. దీన్ని పట్టడానికి రాని తల్లి చెయ్యాల్సిన పని పదహారేళ్లు ఆలస్యంగా నా వంతుకొచ్చిందని నాన్న ఉంటే ఏదో ఒక న్యాయం ఉదహరించేవారు. పదినిమిషాలకి మెడ దగ్గర నీటిబుడగ లేస్తుంది, ఆ మూపురంతో అది నడిచిపోతుంటే పండగనెల గంగిరెద్దు పిల్లలా ఉంటుంది. నాలుగైదు గంటల్లో ఇంకిపోతుంది.

చూపు తిరిగి రాలేదు. ఊళ మాత్రం బాగా తగ్గింది. అందులో బీపీ బిళ్ల వాటా ఎంతో, అమ్మ వాటా ఎంతో నేను తేల్చలేను. ఇప్పుడు ఇంట్లో ఏ సామానూ అంగుళం జరపం. తాకే ముందు పలకరించాలని డాక్టరు చెప్పాడని, అమ్మ గది దాటిన ప్రతిసారీ "సుబ్బులూ, నేనేనే, వస్తున్నా" అంటుంది. రాత్రి మూడింటికి అది గొంతెత్తితే తన మంచం మీంచే "ఇక్కడే ఉన్నా, పడుకో" అంటుంది. ఆవిడకీ ఆ వేళకి నిద్ర ఉండదు. అమ్మ రాత్రిళ్లు లేచి తలుపు గడియలు మళ్లీ మళ్లీ చూసుకోవడం, తాళంచెవి కోసం వెతకడం, పెట్టిన కూర నోటికి సయించలేదనడం, వీటికి నేను పెట్టుకున్న పేరు కూడా చాదస్తమే. పోయిన నెలలో ఆవిడ కళ్లూ నెత్తురూ పరీక్ష చేయించాను. ఎందుకని అడిగింది. ఊరికే అన్నాను.

సుబ్బులు బరువు ఆదివారం ఆదివారం కిరాణా కొట్టు కాటా మీద చూస్తాం. ఒకప్పుడు నాలుగు కిలోలకి పైమాట, ఇప్పుడు రెండూ ఆరువందలు. ఇది బాగయ్యే జబ్బు కాదు. తానంతట తాను తినడం మానేసి, మంచి రోజులకన్నా చెడ్డరోజులు ఎక్కువైనప్పుడు చెప్పండి, నొప్పి లేకుండా నిద్రపుచ్చుదాం, అన్నాడు డాక్టరు. రోజులు ఎలా లెక్కపెట్టాలో అమ్మకి ఒకరు నేర్పక్కర్లేదు. పాలవాడి లెక్కల కోసం వెంకట్రామా క్యాలెండరులో ఆవిడ యాభయ్యేళ్లుగా పెడుతున్న గుర్తులే సుబ్బులుకీ పెడుతోంది. తింటే నిలువుగీత. తినకపోతే సున్నా. ఈ నెల మొదటి వరసలో అన్నీ గీతలే. రెండో వరసలో రెండు సున్నాలు. మూడో వరసలో నాలుగు.

నిన్న సాయంత్రం పిన్నిగారు ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన చేప ముక్క పంపించారు. పళ్లెంలో పెడితే సుబ్బులు మూతి తిప్పుకుంది. నేను లోపలికెళ్లి సిరంజి కడుక్కుని వచ్చేసరికి, అమ్మ కింద చాప మీద కూలబడి ఉంది, మడిచీరతోనే. చూపుడువేలు ఆ చేప నీళ్లలో ముంచి దాని మూతి దగ్గర పెట్టి, "సుబ్బులూ, నేనేనే" అంటోంది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత గరుకు నాలుకతో ఒకసారి, కాసేపాగి ఇంకోసారి నాకింది. అంతే.

అమ్మ లేచి చెయ్యి కడుక్కుని, పెన్సిలు తీసుకుని క్యాలెండరు ముందు నిలబడింది. గీత పెట్టబోయి ఆగింది. చివరికి ఆ గడిలో, పాలు అరలీటరే పోయించుకున్న రోజున పెట్టే పొట్టిగీత పెట్టింది.