ఇరవైయొక్క అంకెల సంఖ్య

ఒకటి కంటె పెద్దదై, ఒకటితోను తనతోను తప్ప మరే సంఖ్యతోను శేషం లేకుండా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. 7, 31, 127 అటువంటివి. వీటిలో మరొక విశేషం కూడా ఉంది. 2 × 2 × 2 = 8; అందులోనుంచి ఒకటి తీసివేస్తే 7. ఇలాగే రెండును ఐదుసార్లు వేసి హెచ్చించి ఒకటి తీసివేస్తే 31, ఏడుసార్లయితే 127 వస్తాయి. అయితే ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుందనుకోరాదు. పదకొండుసార్లు వేస్తే వచ్చేది 2047. అది 23, 89ల లబ్ధం.

మరి రెండును ఎన్నిసార్లు వేస్తే ప్రధాన సంఖ్య వస్తుంది? ఫ్రాన్సు దేశపు క్రైస్తవ సన్యాసి మెర్సెన్ 1644లో ప్రకటించిన గ్రంథంలో 257 వరకు ఒక పట్టిక ఇచ్చాడు. అందులో 67 కూడా ఉంది. రెండును అన్నిసార్లు వేసి హెచ్చించి ఒకటి తీసివేస్తే వచ్చే సంఖ్య ఇది: 14,75,73,95,25,89,67,64,12,927. దీనిలో ఇరవైయొక్క అంకెలున్నాయి. దీనిని పరీక్షించే ఉపాయం ఆనాడు లేదు. మెర్సెన్ యూరపు విద్వాంసులెందరితోనో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపిన పండితుడు. ఆయన మాట రెండువందల ఏళ్లకు పైగా నిలిచింది.

1876లో ఫ్రాన్సు దేశస్థుడే అయిన లూకా అనే గణితవేత్త ఇది ప్రధాన సంఖ్య కాదని నిరూపించాడు. చిత్రమేమంటే, దాని కారణాంకాలేవో ఆయనకూ తెలియలేదు. ఇంట్లో దొంగ ఉన్నాడని తేలింది కాని, ఎక్కడ దాగాడో తేలలేదు.

ఆ పని సాధించినవాడు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్. 1903 అక్టోబరులో న్యూయార్కులో అమెరికా గణితశాస్త్ర సంఘం సమావేశంలో ఆయన ప్రసంగించవలసి ఉంది. ఆయన లేచి, ఒక్క మాటైనా పలకకుండా, నల్లబల్లపై ఆ సంఖ్య విలువను లెక్కకట్టాడట. పిమ్మట బల్లకు మరొకవైపు 19,37,07,721ను 7,61,83,82,57,287తో హెచ్చించాడట. రెండు ఫలితాలూ ఒక్కటే! సభ చప్పట్లతో మారుమ్రోగింది. కోల్ మౌనంగానే వెళ్లి కూర్చున్నాడు. ఇందుకు ఎంతకాలం పట్టిందని తరువాత ఒకరు అడిగితే, మూడు సంవత్సరాల ఆదివారాలు పట్టాయని ఆయన బదులిచ్చినట్లు చెప్పుకుంటారు.

కారణాంకాలను వెదకడానికి ఏళ్లు పట్టవచ్చు. దొరికిన తరువాత సరిచూడడానికి గంటసేపు చాలు. నేడు కంప్యూటర్లలో సాగే రహస్య సందేశాలను కాపాడే పద్ధతులలో ఒకటి ఈ భేదాన్నే ఆధారం చేసుకొన్నది. తాళం వేయడం సులభం. తాళంచెవి లేనివాడు తెరవడం కష్టం.

మెర్సెన్ కీర్తికి దీనివల్ల లోటు రాలేదు. 7, 31, 127 వంటి ప్రధాన సంఖ్యలను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అయినా గణితంలో ఒక మాట నిలవడానికి చెప్పినవాని పేరు చాలదు. కోల్ తన మాటను నమ్మమని ఎవరినీ కోరలేదు. హెచ్చవేత చేసి చూపాడు. గుణకారం వచ్చిన ప్రతి విద్యార్థీ కాగితం, పెన్సిలు తీసుకొని ఆ లెక్కను తానే సరిచూసుకోవచ్చు.