అడవి దీవి నుంచి వచ్చిన జట్టు

విశాఖపట్టణంలో ఉదయం కిరందూలు రైలెక్కిన ప్రయాణికుడు తూర్పు కనుమల సొరంగాలను, అరకు లోయను, కోరాపుట్ పీఠభూమిని దాటి సాయంకాలానికి జగదల్‌పూర్ చేరుకుంటాడు. బైలాడిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు చేరవేయడానికి 1960లలో వేసిన దారి ఇది. జగదల్‌పూర్‌లో బస్సెక్కి కొండగావ్ మీదుగా మరో నూట పాతిక కిలోమీటర్లు పోతే నారాయణపూర్ వస్తుంది. ఓరుగల్లు 1323లో పతనమైన తరువాత గోదావరి దాటి వచ్చిన అన్నమదేవుడే తమ మూలపురుషుడని బస్తరు రాజవంశం చెప్పుకుంటుంది. ఆ విధంగా చూస్తే తెలుగు యాత్రికుడికి ఈ నేల బొత్తిగా పరాయిది కాదు.

నారాయణపూర్ విడిచి ఓర్ఛా దారి పట్టగానే కొండలు మొదలవుతాయి. అదే అబూజ్‌మాడ్. అంతుబట్టని కొండసీమ అని ఆ పేరుకు అర్థం. దాదాపు నాలుగు వేల చదరపు కిలోమీటర్ల ఈ అరణ్యానికి దక్షిణపు హద్దు ఇంద్రావతి నది. భూముల సర్వే స్వాతంత్ర్యం వచ్చి దశాబ్దాలు గడచినా ఇక్కడ జరగలేదు. వాగులు పొంగిన వానాకాలంలో ఊరికీ ఊరికీ రాకపోకలు నిలిచిపోయేవి. చుట్టూ సముద్రం లేదన్న మాటే గాని, దీవికి ఉండవలసిన లక్షణాలన్నీ దీనికి ఉన్నాయి. కొండ మరియాలు ఇక్కడ పోడు చేసుకుని బ్రతుకుతారు. అడవి సరుకు మోసుకుని వారపు సంతకు దిగివచ్చి, ఉప్పు కొనుక్కుని తిరిగి కొండెక్కడం వారికి తరతరాల అలవాటు. బయటివారి ప్రవేశంపై ప్రభుత్వం విధించిన ఆంక్షలు 2009 వరకు కొనసాగాయి.

ఈ సీమను గురించి బయటివారు వ్రాసినది తక్కువేమీ కాదు. గ్రిగ్సన్ దొరగారు 1938లో మరియా గోండుల మీద, వెరియర్ ఎల్విన్ 1947లో మురియాల ఘోటుల్ మీద వెలువరించిన గ్రంథాలను పండితులు నేటికీ తిరగవేస్తారు. పత్రికలు చదివే సామాన్యునికి మాత్రం అబూజ్‌మాడ్ అనగానే తోచేది తుపాకుల మోతే. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయిన నంబాళ కేశవరావు 2025 మే 21న మరణించినది ఈ అడవులలోనే. ఒక తరం పిల్లలు తమ ఊరి పేరును మృతుల లెక్కలతో కలిపి వింటూ పెరిగారు.

ఆ పేరును మరొక విధంగా వినిపించినది ఒక మల్లఖంబం జట్టు.

మల్లఖంబం అంటే మల్లస్తంభమే. పన్నెండవ శతాబ్దంలో చాళుక్య సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో దీని ప్రస్తావన ఉన్నది. పీష్వా రెండవ బాజీరావు కాలంలో వ్యాయామగురువు బాలంభట్ట దేవధర్ ఈ విద్యకు మళ్ళీ జీవం పోశాడు. పైకి పోనుపోను సన్నబడే నున్నని కొయ్యస్తంభాన్ని భూమిలో పాతి, దానికి ఆముదం రాస్తారు. ఆటగాడు తొడలతోను, పాదాలతోను, ఒక్కొక్కసారి కేవలం చంకతోను దానిని పట్టుకుని, తలక్రిందులుగా ఆసనాలు వేయాలి. పట్టు సడలితే జారుతాడు, అతిగా బిగిస్తే కదలలేడు. అడవి పిల్లలకు చెట్లెక్కడం పుట్టుకతోనే వస్తుంది గనుక ఈ విద్య వారికి సులువని కొందరంటారు. నాకా మాట నచ్చదు. చెట్టుకు కొమ్మలుంటాయి, బెరడు ఉంటుంది; ఆముదం రాసిన స్తంభానికి ఏమున్నది? అభ్యాసం చేసిన పిల్లల కష్టాన్ని అడవి ఖాతాలో జమకట్టడం న్యాయం కాదు.

వారికి ఈ విద్య నేర్పినది ప్రత్యేక కార్యదళంలో ఉద్యోగిగా నారాయణపూర్ వచ్చిన మనోజ్ ప్రసాద్. ఆయన శిక్షణలో రూపుదిద్దుకున్న అబూజ్‌మాడ్ మల్లఖంబం అకాడమీ 2023 నవంబరులో ‘ఇండియాస్ గాట్ టాలెంట్’ టెలివిజన్ పోటీ పదవ విడతలో ప్రథమ బహుమతి గెలిచింది. ఇరవై లక్షల రూపాయల పారితోషికం చిన్నదేమీ కాదు. అయితే దేశమంతటా ఇళ్ళలో కూర్చున్నవారు ‘అబూజ్‌మాడ్’ అన్న మాటను చప్పట్ల నడుమ వినడం అంతకన్నా పెద్ద సంగతి.

ఇక్కడ క్రికెట్ అభిమానులకు వెస్టిండీస్ గుర్తుకు రావాలి. కరీబియన్ సముద్రంలోని ఆ దీవులు ఒకే దేశం కావు. 1958లో వాటిలో కొన్ని కలిసి ఏర్పరచుకున్న సమాఖ్య 1962లోనే విచ్ఛిన్నమైంది. 1928లో తొలి టెస్టు ఆడిన జట్టు మాత్రం నేటికీ నిలిచి ఉన్నది. అబూజ్‌మాడ్ కూడా అంతే. అది రాష్ట్రం కాదు, జిల్లా కాదు. నారాయణపూర్, బీజాపూర్, దంతెవాడ జిల్లాల మధ్య చీలి ఉన్న కొండసీమ. పరిపాలన పటంలో దానికి లేని గుర్తింపును ఈ జట్టు తన పేరులో పెట్టుకున్నది.

దీనితో అంతా చక్కబడిందని అనలేము. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా అమరావతి వ్యాయామశాల వారు మల్లఖంబాన్ని ప్రదర్శించి వచ్చారు. అయినా ఒలింపిక్ పోటీలలో దానికి నేటివరకు చోటు లేదు. ఖేలో ఇండియా యువజన క్రీడలలో 2022లో, పంచకులలో, దానిని చేర్చడం కొంత ఊరట. టెలివిజన్ కీర్తి ఒక ఋతువు నిలుస్తుంది. పిల్లవాడికి ఇరవై ఏళ్ళు వచ్చాక అన్నం పెట్టేదేమిటన్న ప్రశ్నను నారాయణపూర్‌లోని తల్లిదండ్రులు అడగకుండా ఉండరు.

2024లో బస్తరు ఏడు జిల్లాల వారితో మొదలైన ‘బస్తర్ ఒలింపిక్స్’కు తొలి ఏడాదే లక్షా అరవై వేలకు పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. అడవి దున్నను, కొండ గోరువంకను దాని చిహ్నాలుగా పెట్టుకున్నారు. విలువిద్య, కబడ్డీ, ఖోఖో వంటి ఆటలు అందులో ఉన్నాయి. ఏడు జిల్లాల జట్లతో పాటు ఎనిమిదవ జట్టు ఒకటి ఉన్నది. దాని పేరు ‘నువా బాట్’, అంటే కొత్త బాట. ఆయుధాలు విడిచి వచ్చినవారు, మందుపాతరలకు కాళ్ళు పోగొట్టుకున్నవారు ఒకే జట్టు పేరుతో మైదానంలోకి దిగుతారు. పాతిన చేయి, తెగిన కాలు ఒకే పక్షాన ఆడే జట్టు మరెక్కడైనా ఉన్నదేమో నాకు తెలియదు.

నారాయణపూర్ చూడగోరేవారు మాఘమాసం ప్రాంతంలో జరిగే మడయి జాతరకు వెళ్ళడం మంచిది. కొండమీది దేవతలు తమ పల్లకీలతో, జెండాలతో అప్పుడు ఊళ్ళోకి దిగివస్తారు. ఉప్పు కొనడానికి వచ్చేవారూ వస్తారు.