బ్యాటరీ ఇచ్చే చేబదులు

పిల్లలూ! రాత్రిపూట కరెంటు పోతే మా మనుమరాలు ఇన్వర్టరు దీపం కింద చదువుకుంటుంది. ఆ వెలుగు బ్యాటరీ మాకిచ్చే చేబదులు.

1859లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన తరహా బ్యాటరీ అది. లోపల సీసపు పలకలు, గంధకామ్లం ఉంటాయి. కరెంటు వాడుకున్నకొద్దీ పలకలమీద సీసపు సల్ఫేటు పేరుకుంటుంది. వెంటనే ఛార్జి చేస్తే అది పోతుంది. రోజులతరబడి వదిలేస్తే గట్టిపడి, పలకలను పాడుచేస్తుంది.

అందుచేత కరెంటు పోగానే నేను 75 వాట్ల ఫాను ఆపి, కిటికీ తెరిచి, 9 వాట్ల బల్బు ఒక్కటే ఉంచుతాను. ఊరికి వెళ్ళేముందు బ్యాటరీ నిండేదాకా మెయిను స్విచ్చి ఆపను. నీరు తగ్గితే డిస్టిల్డు వాటరే పోస్తాను. కుళాయి నీళ్ళలోని లవణాలు పలకలకు చేటు. ఈ పని పెద్దలదే సుమా! ఆమ్లం ఒళ్ళు కాలుస్తుంది.

కొద్దిగా తీసుకుని, త్వరగా తీర్చేవాడికే చేబదులు మళ్ళీ పుడుతుంది గదా! బ్యాటరీ దగ్గరా అంతే.