యోగ్యతాపత్రము

వాక్యం వాక్యమనిపించుకోవాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలని మన శాస్త్రకారులు చెప్పారు. నిప్పుతో తడుపుతున్నాడు అన్నప్పుడు విభక్తి సరిగానే ఉంది, క్రియా సరిగానే ఉంది; కాని తడపడానికి నిప్పుకు యోగ్యత లేదు. అంటే యోగ్యత అనేది ఒక పదంలో ఒంటరిగా ఉండేది కాదు, మరొక పదంతో కలిసినప్పుడు తేలేది. తరగతిలో ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. అందువల్లనే కాబోలు, మా బుల్లెట్టు యోగ్యమైనదే అన్న కాగితం చేతికి వచ్చినప్పుడల్లా, ఏ దారికి, ఎంత బరువుకు, ఎన్నాళ్ళకు అన్న ప్రశ్న లోపల మెదులుతూనే ఉంటుంది.

బండి 1998 నాటిది. గుంటూరు జిల్లా అంకెతో పుట్టి, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో ముసలిదవుతున్నది. ఇనుప సిలిండరు, కుడికాలికి గేర్లు, ఎడమకాలికి బ్రేకు. ఆంపియరు మీటరు ముల్లును మధ్యకు తెచ్చుకొని, డీకంప్రెషన్ లివరు నొక్కి వదిలి, ఆ తరువాత కిక్కు కొట్టాలి. మద్రాసు తిరువొత్తియూరులో 1950ల నుంచి తయారైన ఒరవడి అది. నరసరావుపేట నుంచి మాచర్ల మీదుగా సాగరుకు, అక్కడికి దగ్గరలోని ఎత్తిపోతలకు. వినుకొండ, మార్కాపురం, దోర్నాల దాటి నల్లమల ఘాటు ఎక్కి శ్రీశైలానికి, నేనూ మా ఇంటి ఆవిడా దీని మీదనే తిరిగాము.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనపు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆపైన తనిఖీ చేయించి ఐదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. ఆ లెక్కన మా బండి 2013లో, 2018లో, 2023లో పరీక్షకు కూర్చుంది. పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్‌లో 300 రూపాయల నుంచి 1000కి పెరిగింది. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్ళు దాటిన మోటారు సైకిళ్ళకు 2000 చేశారు. రుసుముతో నాకు పేచీ లేదు. అద్దెకు తిరిగే ఆటోకు ఎనిమిదేళ్ళ లోపు రెండేళ్ళకొకసారి, ఆ తరువాత ఏటేటా యోగ్యతా పరీక్ష ఉన్నది. పాతికేళ్ళ ద్విచక్రానికి మాత్రం ఒక్కనాటి చూపుతో ఐదేళ్ళ అభయం! నాకు మింగుడుపడనిది ఇదే.

మన వైపు జనం ఆ తనిఖీ అధికారిని నేటికీ బ్రేకు ఇనస్పెక్టరు అనే పిలుస్తారు. 2023లో నేను వెళ్ళినప్పుడు చూసినంతవరకు, ఎక్కువ శ్రద్ధ చూపింది ఛాసిస్ నంబరు మీద. దానిపై కాగితం పరచి పెన్సిలుతో రుద్ది, అంకెలు పుస్తకంతో సరిచూశారు. హారను మోగిందా, దీపాలు వెలిగాయా అన్నారు. అక్కడి కుర్రవాడొకడు బ్రేకనుకొని కుడికాలితో నొక్కగా గేరు పడింది. పాపం, అతడు పుట్టేనాటికే ఆ అమరిక పాతబడింది. అయిదు నిమిషాలలో బండి ఉత్తీర్ణమైంది. మొత్తం వ్యవహారంలో అంకెతో తేలింది పొగ పరీక్ష ఒక్కటే. 2000 మార్చి 31కి ముందు తయారైన ద్విచక్రాలకు కార్బన్ మోనాక్సైడు 4.5 శాతం మించకూడదని నియమం. అది కూడా గాలి బాగోగులు చెబుతుందే తప్ప, బండి ఆగుతుందో ఆగదో చెప్పదు.

అదే బండిని మరునాడు మా మేస్త్రీ పరీక్షించాడు. నడిమి స్టాండు వేసి, ముందు చక్రం నేలకు తగలకుండా లేపి, హ్యాండిలును ఒక్క వేలితో అటూ ఇటూ తిప్పాడు. సరిగ్గా నడుమ పట్టినట్లు ఆగింది. కోన్ సెట్టులో గోళీలు కూర్చునే దారి గుంటపడిందన్నమాట. ముందు బ్రేకు కేబులు లివరులోకి దూరేచోట నాలుగు పోగులు తెగి ఉన్నాయి. వెనుక చక్రపు చువ్వలను స్పానరుతో ఒక్కొక్కటే మీటుకుంటూ పోతే రెండు బొంగురుగా పలికాయి. పై చూపుకు వీటిలో ఒక్కటీ కనబడదు.

పదవ తరగతి జవాబు పత్రాలు దిద్దినవారికి ఇది కొత్త కాదు. ఒకే పత్రానికి ఇద్దరు వేసే మార్కులు వేరుగా ఉంటాయి. అయితే అక్కడ ఇద్దరూ చదివిన తరువాతనే తేడా వస్తుంది. ఇక్కడ ఒకరు అట్ట మీద పేరు చూసి మార్కులు వేసినట్లున్నది. మరొక వైపూ ఉంది. ఇంజను గడియారంలా నడిచే ఒక మిత్రుని బండిని, రంగు వెలిసిందని వెనక్కి పంపారు. చెడ్డది గట్టెక్కడం, మంచిది తిరిగిరావడం, రెండూ ఒకే జబ్బు.

బ్రిటన్‌లో 1960లో ఈ పరీక్షలు పెట్టినప్పుడు పదేళ్ళు దాటిన వాహనాలకు బ్రేకులు, దీపాలు, స్టీరింగు మాత్రమే చూసేవారట. ఇప్పుడు అక్కడ మూడేళ్ళు దాటిన మోటారు సైకిలుకు ఏటా పరీక్షే. మన కేంద్ర ప్రభుత్వమూ యంత్రాలతో తనిఖీ చేసే కేంద్రాలకు 2021లో నిబంధనలు తెచ్చింది. రోలరు మీద చక్రం తిప్పి బ్రేకు బలాన్ని కొలిచే పద్ధతి రావలసిందే. కాని ఘాటు దిగేటప్పుడు డ్రమ్ము వేడెక్కి పట్టు సడలడం అనేది చల్లని బ్రేకును ఒకసారి కొలిస్తే తెలియదు. దోర్నాల దారిలో వంపులు దిగేవారు రెండవ గేరులో ఇంజను చేతనే బండిని పట్టించి, బ్రేకును పొదుపుగా వాడుకోవాలి. పిడుగురాళ్ళ వైపు సున్నపు లారీల వెనుక పోతూ ఉన్నపళంగా ఆపవలసి వచ్చినప్పుడు కావలసిన పట్టు వేరు.

కోన్ సెట్టు, కేబులు మార్చి, చువ్వలు బిగించిన తరువాత మేస్త్రీ వెనుక టైరు దగ్గర కూర్చున్నాడు. దాని పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. మాది 2015 నాటిది. గాట్లు ఇంకా లోతుగానే ఉన్నాయి గాని రబ్బరు గట్టిపడి సన్నని బీటలు తీసింది.

"కార్తీకానికి శ్రీశైలం పోతన్నారా మాస్టారూ? అమ్మగారు కూడానా?"

అవునన్నాను.

"అయితే ఇది తీసేయండి. మీరొక్కరే మెల్లగా సాగరు దాకా అంటే ఇంకో ఏడాది నడిచిద్ది."

కొత్త టైరు వేయించాను. పాతదాన్ని అతడు కొట్టు ముందు చింతచెట్టుకు ఉయ్యాలగా కట్టాడు.