కాగితపు దాహము

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు మార్గమున ఇబ్రహీంపట్నము కలదు. కుతుబ్‌షాహీ ప్రభువైన ఇబ్రహీం కులీ (1550–1580) పేర వెలసిన ఈ యూరికి పెద్ద చెరువే శోభ. వానలు కురిసి చెరువునకు నీరు చేరినప్పుడు రైతు సంతసించును. జిరాక్సు దుకాణపు యజమాని మాత్రము తన కాగితపు కట్టల వంక దిగులుగా చూచును.

కళాశాలలలో ప్రవేశములు జరుగునదియు ఆ వానల కాలముననే. దరఖాస్తునకు కడపటి దినము. వాకిట విద్యార్థుల బారు. ఇంతలో లేజరు ప్రింటరు కిర్రుమని ఆగిపోవును. అందరును యంత్రమును నిందింతురు. తరచుగా దోషము కాగితముననే యుండును.

కాగితము చెట్ల నారతో చేయబడినది. గాలిలోని తేమను త్రాగుట దాని స్వభావము. ప్రింటరులో లేజరు కిరణము డ్రమ్ముపై విద్యుత్తుతో అక్షరముల ఆకృతిని ఏర్పరచును. టోనరు అను సన్నని పొడి అచట అంటి, పిదప కాగితముపైకి చేరును. ఆ పొడిని కరగించి అతికించుటకు సుమారు 200 డిగ్రీల వేడి గల రోలర్ల నడుమ కాగితము నడువవలెను. తేమ త్రాగిన కాగితము ఆ వేడికి అప్పడమువలె వంకరపోయి నడిదారిన చిక్కుకొనును. మండువేసవిలో మరియొక తంటా: మిక్కిలి పొడిబారిన కాగితములు స్థిరవిద్యుత్తుచే ఒకదాని నొకటి అంటి, రెండేసి లోనికి పోవును. తడియైనను కోపమే, పొడియైనను కోపమే!

1938 అక్టోబరు 22న న్యూయార్కు నగరపు ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ పొడితో తొలి నకలు తీసినప్పుడు వాడినది మైనపు కాగితము. దానికి ఈ దాహము లేదు.

రీముపై చుట్టును వట్టి అలంకారమని చింపి పారవేయువారు పెక్కుమంది. తేమను ఆపునది అదియే. 500 కాగితములలో ఆనాటికి కావలసినన్ని మాత్రమే ట్రేలో నుంచి, తక్కినవి చుట్టులోనే మడిచి, నేలకు తగులకుండ బల్లపై నుంచవలెను. రాత్రి మిగిలినవియు చుట్టులోనికే పోవలెను. కట్టను ట్రేలో నుంచుటకు ముందు వ్రేళ్లతో విసనకఱ్ఱవలె విప్పి, అంచులు సమముగా తట్టవలెను. ప్రక్క పలకలు కాగితమును తాకవలెను గాని నొక్కరాదు. పిన్ను తీసిన పాత కాగితమును పొదుపని వాడుట పైసాకై పోయి రూపాయి పోగొట్టుకొనుటయే.

ఇంత చేసినను ఒక్కొక్కప్పుడు చిక్కు తప్పదు. అప్పుడు స్విచ్చి ఆపి, వేడి చల్లారనిచ్చి, రెండు చేతులతో పట్టి, కాగితము నడచు దిక్కుననే మెల్లగా లాగవలెను. ఆత్రముతో గుంజినచో చినుగును. చినిగిన ముక్కలను బల్లపై చేర్చి చూడవలెను. ఒక మూల తక్కువైనచో ఆ మూల ఇంకను యంత్రములోనే యున్నది.