నాన్న కంచంలో నెయ్యి

నాన్న కంచం పక్కనుంచి నెయ్యి గిన్నె తీసేసింది నేనే. పోయిన ఏడాది, సంక్రాంతి వెళ్లిన వారానికి. ఆయన ఏమీ అనలేదు. ముద్దపప్పులో ఆవకాయ కలుపుకొని నాలుగు ముద్దలు తిని లేచిపోయారు. అమ్మ నావైపు ఒకసారి చూసి ఆ గిన్నె లోపల పెట్టేసింది.

నాన్న కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఊరు తణుకు దగ్గర. తుపాను వెలిసీ వెలవకముందే స్తంభం ఎక్కిన మనిషి. అలాంటాయన రాత్రిళ్లు నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి లేస్తున్నారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. 'షుగరేమో, టెస్ట్ చేయించండి' అన్నాను. షుగర్ లేదని తేలింది. వయసులే అనుకున్నాం. అలా ఏడాది గడిచిపోయింది.

నడుము నొప్పి మొదలయ్యాక హైదరాబాద్ తీసుకొచ్చాను. పీఎస్‌ఏ అనే రక్తపరీక్షలో 4 దాటితేనే డాక్టర్లు ఆగి చూస్తారు. నాన్నది 38. తర్వాత బయాప్సీ, స్కాన్. ప్రోస్టేట్ క్యాన్సర్, ఎముకల్లో రెండు చోట్లకి చేరింది అన్నారు.

ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు, గూగుల్ ఉంది. ఆఫీసులో ఏ బగ్ వచ్చినా అలాగే పట్టుకుంటాం కదా, దీన్నీ పట్టేస్తాననుకున్నాను.

ముందు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ వచ్చింది: చక్కెర మానేస్తే క్యాన్సర్ చచ్చిపోతుందట. మళ్లీ హాస్పిటల్‌కి వెళ్లినప్పుడు డాక్టరుగారిని అడిగాను. ఆయన నవ్వారు. చాలా క్యాన్సర్లు గ్లూకోజ్‌ని ఎగబడి లాగేసుకుంటాయి. జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్బర్గ్ 1920ల్లోనే ఇది గమనించారు. మామూలు పెట్ స్కాన్ పనిచేసేది కూడా ఆ సూత్రం మీదే. రేడియోధార్మికత కలిపిన గ్లూకోజ్ లాంటి పదార్థం ఎక్కించి, ఎక్కడ ఎక్కువ పోగైందో చూస్తారు. కానీ ప్రోస్టేట్ క్యాన్సర్ తొలి దశల్లో చక్కెరని అంతగా పట్టించుకోదు. అందుకే ఆ స్కాన్‌లో చాలాసార్లు సరిగా కనబడదు. నాన్నకి తీసింది కూడా పీఎస్‌ఎంఏ అనే ప్రొటీన్‌ని వెతికే వేరే స్కాన్.

మరి అది దేనిమీద బతుకుతుంది? వెతికితే దొరికిన మాట, కొవ్వు.

ఇక్కడ కొంచెం సైన్స్ చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్ కణం తీరే వేరు. దాంట్లో జింక్ బాగా పోగుపడుతుంది. ఆ జింక్ అడ్డుపడటం వల్ల సిట్రేట్ అనే పదార్థం శక్తి కోసం ఖర్చవకుండా మిగిలి, వీర్యంలోకి చేరుతుంది. క్యాన్సర్ వస్తే జింక్ పడిపోతుంది. అప్పుడు కణం ఆ సిట్రేట్‌ని తనకోసమే వాడుకుంటుంది. కొంత శక్తికి, కొంత కొవ్వు తయారీకి. కొత్త కణం పుట్టాలంటే దాని చుట్టూ పొర కావాలి, ఆ పొరకి కొవ్వు కావాలి. ఈ కొవ్వు తయారుచేసే ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ అనే ఎంజైమ్ ఈ క్యాన్సర్‌లో బాగా పెరుగుతుంది. దాన్ని పెంచే వాటిలో మగవాళ్ల హార్మోన్ టెస్టోస్టిరాన్ ఒకటి.

నేను ఇందులో 'కొవ్వు' అన్న ఒక్క మాటే పట్టుకున్నాను. నెయ్యి బంద్. గుడ్డు బంద్. పెరుగు మీద మీగడ కూడా బంద్. బదులుగా ఆన్‌లైన్‌లో విటమిన్ ఈ మాత్రలు ఆర్డర్ చేశాను. రోజూ రాత్రి అమ్మకి ఫోన్ చేసి 'ఇవాళ ఏం పెట్టావు' అని లెక్క అడిగేవాణ్ని.

మూడు నెలల్లో నాన్న ఆరు కిలోలు తగ్గారు. నాకు లోపల సంతోషంగానే ఉంది. వెళ్లి చూస్తే, కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనిస్తున్నారు.

డాక్టరుగారు ఈసారి నవ్వలేదు. 'ఎవరు మాన్పించమన్నారు?' అన్నారు. తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. 'ఈ క్యాన్సర్ రక్తంలోంచి కూడా కొవ్వు తీసుకుంటుంది. కానీ తనకి కావాల్సింది తనే వండుకోగలదు. మీరు కంచంలో నెయ్యి ఆపితే దాని వంట ఆగదు. మీ నాన్నగారి వంటే ఆగింది.'

నాన్నకి మూడు నెలలకోసారి ఇస్తున్న ఇంజెక్షన్ టెస్టోస్టిరాన్‌ని తగ్గిస్తుంది. హార్మోన్‌ని అడ్డుకుంటే ఈ జబ్బు వెనక్కి తగ్గుతుందని 1941లో చూపించిన చార్లెస్ హగ్గిన్స్‌కి 1966లో నోబెల్ వచ్చింది. ఈ మందుకీ మూల్యం ఉంది. కండ కరుగుతుంది, పొట్ట దగ్గర కొవ్వు పెరుగుతుంది, ఎముకలు పల్చబడతాయి. అంటే ఆయనకి కావాల్సింది గుడ్డు, పప్పు, నడక, కొంచెం బరువులెత్తడం. నేను ఇచ్చింది పస్తు.

మాత్రల డబ్బా చూపిస్తే పక్కన పెట్టేశారు. అమెరికా, కెనడాల్లో 35 వేలమందికి పైగా మగవాళ్ల మీద జరిగిన సెలెక్ట్ అనే పరిశోధనలో, ఉత్త విటమిన్ ఈ వాడినవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా కనిపించిందని 2011లో తేలిందట. మంచిదే కదా అని కొన్న డబ్బా అది.

అలాగని నెయ్యి ఎంతైనా తినొచ్చని కాదు. ఊబకాయం ఉన్నవాళ్లలో ఈ క్యాన్సర్ ముదిరిన రూపంలో కనబడే ప్రమాదం ఎక్కువ. తినే కొవ్వుల రకం మీద పరిశోధనలూ జరుగుతున్నాయి. కానీ అవి మందుకి బదులు కాదు.

తిరిగి ఊరెళ్లాక పొద్దున్నే నాన్నతో కాలవ గట్టున నడిచాను. కొంతదూరం వెళ్లాక ఆయనే అన్నారు, 'ఒరేయ్, నా జబ్బు గురించి ఫోన్‌ని అంత అడిగావు. నన్ను ఒక్కసారైనా అడిగావేంట్రా?'

నా దగ్గర సమాధానం లేదు. అప్పుడాయన చెప్పారు. ధార సరిగా రావట్లేదని రెండేళ్ల ముందే తెలుసట. ఎవరికి చెప్పుకోవాలో తెలియక, కొడుకుతో అలాంటివి మాట్లాడటం సిగ్గనిపించి ఊరుకున్నారట. బస్సు ప్రయాణాలు మానేసింది కూడా అందుకేనట. మేము మాత్రం పెళ్లిళ్లకి రావట్లేదని ఆయన మీద అలిగాం.

రాత్రిళ్లు లేవడమంటే క్యాన్సరే అని కాదు. వయసుతో ప్రోస్టేట్ ఉబ్బినా అలాగే ఉంటుంది. పీఎస్‌ఏ ఇన్ఫెక్షన్ వల్ల కూడా పెరుగుతుంది. అసలు తొలి దశలో ఏ లక్షణమూ లేకపోవచ్చు. ఇవన్నీ తేల్చాల్సింది డాక్టరు. కానీ అక్కడిదాకా వెళ్లాలంటే ఇంట్లో ఎవరో ఒకరు అడగాలి. ఈ వారం ఇంటికి ఫోన్ చేస్తే 'తిన్నారా' తర్వాత ఇంకో ప్రశ్న వేయండి: 'రాత్రి నిద్ర సరిగా పడుతోందా?' తండ్రికి వస్తే కొడుక్కి వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. కాబట్టి ఈ ప్రశ్న నా గురించి కూడా. నలభై దాటాక నేను కూడా పరీక్ష గురించి డాక్టరుని అడగాలి.

మొన్నటి రిపోర్టులో నాన్న పీఎస్‌ఏ ఒకటి కన్నా తగ్గింది. నయమైపోయిందని కాదు, అదుపులో ఉందని అర్థం. మళ్లీ పెరగొచ్చని కూడా చెప్పారు. నాన్నకి ఆ సంగతి తెలుసు.

పోయిన ఆదివారం భోజనాల దగ్గర అమ్మ ముద్దపప్పు మీద ఒక చెంచా నెయ్యి వేసింది. నాన్న నావైపు చూసి, 'లెక్క రాసుకోరా' అన్నారు.