అరిగిపోవడానికే కొన్నది

బైక్ రేసర్ తోలు సూటుకు మోకాలి దగ్గర అంటించే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ, స్లైడర్. మలుపులో బండి వాలినప్పుడు తారును రాసుకుంటూ అరిగిపోవడమే దాని పని. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఒక చుట్టు దాదాపు 3.7 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి రేసింగ్ కోసం అక్కడికి బయల్దేరే కుర్రాడికి బండి కొనడంతో లెక్క తీరదు. సూటు, బూట్లు, లైసెన్సు, ట్రాక్ ఫీజు, పడితే విరిగే లీవర్లు. ఇక టైర్లకు అంతే లేదు. హెల్మెట్ ఒక్కసారి గట్టిగా నేలకు కొట్టుకుంటే, పైకి చిన్న గీతే కనిపించినా, మార్చాల్సిందే. లోపలి నురుగు తల కోసం నలిగిపోయి ఉంటుంది. హెల్మెట్ దగ్గర మాత్రం బేరమాడొద్దని నా మనవి. ఇంత పోసినా మొదట్లో దక్కేది ల్యాపులో ఒకటో రెండో సెకన్లు. వాటికోసం నెలనెలా జీతంలోంచి దాచుకునేవాళ్ళంటే నాకెంతో గౌరవం.